మేత, ఎర, మధ్యలో నేను

తొట్టె ఎన్ని నిమిషాల్లో నిండుతుంది, ఎన్ని నిమిషాల్లో ఖాళీ అవుతుంది అనే లెక్కలను ఇరవై ఆరేళ్ళుగా పిల్లల చేత చేయిస్తున్నవాణ్ణి. అలాంటి నాకు సముద్రం మీద ఒకే ఒక్క బకెట్టు ఖాళీ చేసే పని అప్పగిస్తే తప్పాను.

అసలు నేరం మా బావమరిదిది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చి, అరిసెలు నములుతూ ఫోనులో చేపల వేట వీడియోలన్నీ చూశాడు. "బావగారూ, ట్యూనాకు వల అక్కర్లేదు. మేత జల్లితే అదే పడవ దగ్గరికి వస్తుంది" అన్నాడు. ట్యూనా అంటే ఏమిటో వాళ్ళ అక్కకు అరగంట వివరించాడు. "మన సూరేగా?" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం తెల్లవారకముందే కళింగపట్నం చేరాం. మాకు తెలిసిన పెద్దాయన ఒకరు తన ఇంజిను పడవలో తీసుకెళ్తానన్నారు. నూనె కవ్వళ్ళనే చిన్న చేపలు పది కిలోలు కొని ఒడ్డునే కూర్చుని కోశాం. తలలు, పేగులు, తోకలు, సన్నముక్కలు కలిపి ఎనిమిది కిలోలు బకెట్టులోకి: అది మేత. బొటనవేలంత ఏటవాలు ముక్కలు రెండు కిలోలు వేరే గిన్నెలోకి: అది ఎర. నా కళ్ళద్దాల మీద అంటుకున్న పొలుసుల్లోంచి చూస్తే సూర్యోదయం మాత్రం చాలా అందంగా ఉంది.

మేత బాధ్యత నాది. పెద్దాయన చెప్పారు: "గుప్పెడు వేయండి మాస్టారూ. అది నీళ్ళలో కనుమరుగవుతుండగా ఇంకో గుప్పెడు. తెగకూడదు, ఎక్కువా కాకూడదు. సూరకు ఆశ పుట్టాలి గాని ఆకలి తీరకూడదు." ఇంత సులువైన లెక్క నేను ఆరో తరగతికి కూడా ఇవ్వను. గుప్పెడు వంద గ్రాములు, ఎనిమిది కిలోలకు 80 గుప్పెళ్ళు. నిమిషానికొకటి చొప్పున గంటా ఇరవై నిమిషాలు.

లైటుహౌసు సుద్దముక్కంత అయ్యాక ఇంజిను ఆపారు. లెక్కలో లేని సంగతి అప్పుడు తెలిసింది. నడిచే పడవ వేరు, నిలిచిన పడవ వేరు. నిలిచిన పడవ ఉయ్యాల కాదు, తిరగలి. దానికి తోడు నా మోకాళ్ళ మధ్య బకెట్టు, బకెట్టులో పేగులు, నెత్తిన ఎండ. ఒకటో గుప్పెడు, రెండో గుప్పెడు... నీళ్ళ మీద నూనె జిడ్డు తెట్టులా సాగుతోంది. బావమరిది ముక్కలో గాలం దాచి, తాడు బిగపట్టుకుని కూర్చున్నాడు. "వదులు చేయి బాబూ! మిగతా ముక్కలు ఎలా మునుగుతున్నాయో అదీ అలాగే మునగాలి. బిగిసి నిలబడితే సూరకు అనుమానం వస్తుంది. దాని చూపు మహా పదును" అని పెద్దాయన మందలించారు.

పదకొండో గుప్పెడు దగ్గర వచ్చాయి. నీలినలుపు వీపులు, కింద వెండి మెరుపు, కళ్ళు నిలిచేలోపే మాయం. సూర ఈత ఆపితే దానికి ఊపిరాడదట. నోరు తెరిచి ముందుకు పోతూనే ఉండాలి, ఆ నీళ్ళే మొప్పల్లోంచి ప్రవహించాలి. నాది దానికి తలకిందుల పరిస్థితి: ఊపిరి పీలిస్తే ప్రాణం పోయేలా ఉంది. పన్నెండో గుప్పెటికి చెయ్యి పెట్టాను. ఒక పెద్ద అల వచ్చి బకెట్టును నా ముఖం దాకా లేపింది.

ఆ తరువాత జరిగింది ప్రమాదం అని ఇంట్లో చెప్పాను. ఇక్కడ నిజం రాస్తున్నాను. చేజారలేదు. రెండు చేతులా ఎత్తి, మొత్తం బోర్లించాను. గంటకు పైగా సాగాల్సిన మేత ఒక్క క్షణంలో సముద్రం పాలైంది. ప్రాణం ఎంత హాయిగా ఉందో!

నీళ్ళు కుతకుత ఉడికినట్లు కదిలాయి. సూరలు తిన్నాయి, తృప్తిగా తిన్నాయి. అవి వెళ్ళాక గంటన్నరసేపు బావమరిది గాలం ఎంత వదులుగా కావాలంటే అంత వదులుగా వేలాడింది. ఒక్కటి మాత్రం తిరిగొచ్చి, ఎరను చూసి, పక్కకు తప్పుకుని పోయింది.

"బంతి భోజనం పెట్టేశాక ఫలహారం తీసుకోమంటే పెళ్ళివారు తీసుకుంటారా మాస్టారూ?" అన్నారు పెద్దాయన, చుట్ట వెలిగించుకుంటూ.

మిగిలిన ఎర ముక్కలను ఆయనే సంచిలో పోసి, పైన కాసిని ఐసు ముక్కలు వేసి, పులుసు పెట్టించుకోమని ఇచ్చారు. శ్రీకాకుళం బస్సులో బావమరిది నాకు మూడు వరుసల ముందు కూర్చుని, దారి పొడుగునా నన్ను ఎరగనట్లు నటించాడు. దిగేటప్పుడు కండక్టరు కూడా టికెట్టు చూపమనలేదు, త్వరగా దిగమన్నాడు.

ఏడు రోడ్ల కూడలి నుంచి ఇంటికి నడక. ఐసు కరిగి సంచి అడుగున చిల్లు పడిన సంగతి నాకు తెలియదు. నాలుగడుగులకు ఒక చుక్క, పదడుగులకు ఒక ముక్క. తెగకుండా, ఎక్కువ కాకుండా.

మా ఆవిడ తలుపు తీసి, "ఏమైనా పడ్డాయా?" అంది. నేను జవాబు వెతుక్కునేలోగా నా వెనక్కి చూసి, వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. తొమ్మిది పిల్లులు. వాటిలో మా వీధివి రెండే.