‘బ్లడీ’ కేవలం తిట్టు కాదు
‘బ్లడీ’ అనే ఇంగ్లిషు మాట రక్తం నుంచి పుట్టిన బూతు అని నేను చదివిన ఒక వ్యాసంలో రచయిత ఒక్క వాక్యంలో తేల్చివేశారు గాని, ఇంగ్లండులో ఆ మాట చేసే ప్రధానమైన పని తిట్టడం కాదు, పక్కనున్న విశేషణానికి బలం చేకూర్చడం. ‘బ్లడీ గుడ్’ అంటే మెచ్చుకోలు, ‘బ్లడీ కోల్డ్’ అంటే విపరీతమైన చలి. వాటిలో రక్తమూ లేదు, ద్వేషమూ లేదు. ‘బై అవర్ లేడీ’ (మేరీమాత మీద ఒట్టు) అనే ఒట్టు అరిగిపోయి ఇలా మారిందన్న కథ ప్రచారంలో ఉన్నా (వినడానికి ముచ్చటగానే ఉంటుంది), నిఘంటుకారులు దానిని అంగీకరించరు.

అయినప్పటికీ అది చాలాకాలం పెద్దమనుషుల ఎదుట అనరాని మాటగానే ఉండిపోయింది కనుకనే, 1914లో బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’ నాటకంలో కథానాయిక లండన్ రంగస్థలంపై ‘నాట్ బ్లడీ లైక్లీ’ (అబ్బే, ఎంతమాత్రం కాదు) అనడం పత్రికలకెక్కేంత సంచలనమైంది. ఆస్ట్రేలియన్లకు ఈ పట్టింపు తక్కువ. 2006లో తమ దేశ పర్యాటక ప్రచార నినాదంలోనే ఆ మాటను వాడుకున్నారు, బ్రిటన్ టీవీలో మాత్రం దానికి మొదట అభ్యంతరం ఎదురైంది. ‘అబ్సో-బ్లడీ-లూట్లీ’ అంటూ ‘అబ్సల్యూట్లీ’ (కచ్చితంగా) వంటి ఒక పదాన్ని చీల్చి నడుమ దీనిని ఇరికించే ప్రయోగం నాకు మరీ ఇష్టం.

మన సంభాషణల్లోకి ‘బ్లడీ ఫూల్’ వంటి తిట్లుగా నామవాచకం ముందు వచ్చే రూపమే ఎక్కువగా దిగుమతి అయింది. విశేషణానికి బలమిచ్చే రెండో రూపం అంతగా రాలేదు. బహుశా ‘పిచ్చ కోపం’, ‘పిచ్చ ఇష్టం’ అనే మన ‘పిచ్చ’ ఆ పనిని అప్పటికే చేస్తుండడం వల్ల కావచ్చు.