మహారాజశ్రీ పాస్‌వర్డ్ గారికి

మహారాజశ్రీ పాస్‌వర్డ్ గారి సముఖానికి,

శ్రీకాకుళం నుంచి మీ బాధితుడొకడు రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగడం అనవసరం. ఎప్పుడు చూసినా నల్లచుక్కల ముసుగేసుకుని నిక్షేపంలా ఉంటారు.

ఇంటాయన గుమ్మం ఎక్కితే కరిచి, దొంగొస్తే తోకాడించే కుక్కని ఎవరైనా ఎన్నాళ్లు మేపుతారు? మిమ్మల్ని మాత్రం లోకం అరవై ఏళ్లకు పైగా మేపుతోంది. ఆ కిటుకేదో తెలుసుకుందామనే ఈ ఉత్తరం.

మా ఏడు రోడ్ల జంక్షన్ వైపు ఓ నెట్ సెంటర్ ఉంది. దరఖాస్తులున్న పెద్దలు, హాల్ టికెట్ల కోసం వచ్చే పిల్లలు, అందరూ అక్కడే చేరతారు. మొన్న ఓ పెద్దాయన వంతు వచ్చింది. కుర్రాడు స్క్రీన్ మీంచి తల ఎత్తకుండా, గదంతా వినపడేలా అడిగాడు: "తాతా, పాస్‌వర్డ్ ఏటి?"

"నాకేటి తెలుసు బాబూ? నువ్వే గదా పెట్టినావు."

కుర్రాడు సొరుగు లాగి లాంగ్ నోట్‌బుక్ తీశాడు. అట్ట మీద వెంకటేశ్వరస్వామి, నాలుగు మూలలా పసుపు. లోపల ఊళ్లవారీగా పేజీలు. పేరు, ఫోన్ నంబరు, ఆ పక్కన మీరు. మీరంటే మరేం కాదు, వాళ్ల పేరే. మొదటి అక్షరం పెద్దది, చివర ఎట్ గుర్తు (@), 123. కొన్నిచోట్ల 123ని ఎర్ర ఇంకుతో కొట్టేసి 124 చేశాడు. అంటే గడువైపోయింది, మార్చమని సైటువారు సెలవిచ్చారన్నమాట. పెద్దాయన పేరు దొరికింది, పనైపోయింది.

ఆ పుస్తకం సంగతి విని మీరు చిన్నబుచ్చుకోకండి. మీ తండ్రిగారి దగ్గరా అలాంటిదే ఉండేది. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో కోర్బాటో బృందం, ఒకే కంప్యూటర్‌ని ఒకేసారి చాలామంది వాడుకునే సీటీఎస్ఎస్ అనే ఏర్పాటును చేసి చూపించింది. అంతకుముందు పనంతా చిల్లులుగా పొడిచిన అట్టముక్కలు, అదే పంచ్‌కార్డుల కట్ట ఇచ్చేసి, రేపు రా, ఎల్లుండి రా అనిపించుకునేవారు. (మన దగ్గర ఆ పద్ధతి ఇంకా ఉంది, కార్డులే పోయాయి.) అందరూ ఒకే మెషీన్ మీద పడ్డాక ఒకరి ఫైళ్లు ఇంకొకరు చూడకూడదని మనిషికో రహస్యం పెట్టారు. అలా మీరు కంప్యూటర్లోకి వచ్చారంటారు. అదే కోర్బాటో 2014లో, మీ వ్యవహారం పీడకలలా తయారైందని ఓ పత్రికతో వాపోయారు. తన పాస్‌వర్డులన్నీ టైపు చేసి పెట్టుకున్న కాగితాలు మూడు పేజీలని కూడా చెప్పారు. కంప్యూటర్ లోకపు నోబెల్ అనే ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషికి మూడు పేజీలు, మా కుర్రాడికి లాంగ్ నోట్‌బుక్. పసుపు ఒక్కటే తేడా.

మీ పసితనమైనా ఏమంత ఘనంగా సాగింది? 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటలే మెషీన్ దొరికేది. చాలలేదు. ఫలానా ఫైలు ప్రింట్ తీసిపెట్టండని పంచ్‌కార్డు ఇచ్చే సౌకర్యం ఒకటుంది కదా అని, పాస్‌వర్డుల ఫైలు పేరే రాసి ఇచ్చాడు. శుక్రవారం రాత్రి ఇస్తే శనివారం పొద్దుటికి తమరంతా కాగితం మీద అచ్చై కూర్చున్నారు. నువ్వెవరు, నీకెందుకు అని ఆ మెషీన్ అడగనైనా అడగలేదు. మా పెద్దాయనని మాత్రం మూడుసార్లు అడిగి, అకౌంట్ లాక్ చేసి, రేపు రమ్మంటారు. కొన్నేళ్లకి అదే సీటీఎస్ఎస్‌లో ఇద్దరు అధికారులు ఒకేసారి రెండు ఫైళ్లు దిద్దుతుంటే అవి తారుమారయ్యాయి. లాగిన్ అయిన ప్రతివాడికీ స్వాగతం పలకాల్సిన చోట అందరి పాస్‌వర్డులూ వరసగా దర్శనమిచ్చాయి.

పోనీ జనం నేర్చుకున్నారా? 1979లో బెల్ ల్యాబ్స్ అనే అమెరికా పరిశోధనశాలకి చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 3,289 పాస్‌వర్డులు పోగేసి చూస్తే, 86 శాతం ఇట్టే పట్టేయగలిగేవే. పదిహేనుగురైతే ఒక్క అక్షరంతో సరిపెట్టేశారు. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డులు బయటపడితే అన్నింటికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456. మావాళ్లు నయం, కనీసం పేరైనా కలుపుతున్నారు.

ఇక పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి, వంకరటింకర గుర్తు ఒకటి, పైగా తరచూ మార్చాలి అనే మీ మడి ఆచారాల మాట. వీటిని 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ అనే ఉద్యోగి రాశారు. చేతిలో సరైన లెక్కలు లేక 1980ల నాటి పాత పత్రం ఒకటి ఆధారం చేసుకున్నారట. 2017లో రిటైరైన ఆయన, చేసినదానిలో చాలావాటికి ఇప్పుడు విచారిస్తున్నానని పత్రికలవాళ్లతో చెప్పేశారు. అదే ఏడాది నిస్ట్ కూడా ఆ ఆచారాలు వద్దంది. ఆ కబురు మా సైట్లకి ఇంకా చేరలేదు. బహుశా పోస్టులో వస్తోంది.

మీ తమ్ముడు పిన్ కొంచెం మర్యాదస్తుడు. 1967లో లండన్ శివార్లలో బార్‌క్లేస్ బ్యాంకు ఏటీఎం పెట్టినప్పుడు, దాన్ని తయారుచేసిన షెపర్డ్ బారన్ (మన షిల్లాంగ్‌లోనే పుట్టాడు) ఆరంకెలు అనుకున్నాడట. ఆయన భార్య, నాకు నాలుగే గుర్తుంటాయి అందట. నాలుగే అయింది. ఇంట్లో ఒక్కరిని అడిగి చేసినందుకు ఎంత సుఖంగా ఉందో చూడండి.

మిమ్మల్ని మరిచిపోతే అడిగే ప్రశ్నలు ఇంకా గొప్పవి. "మీ తల్లి పుట్టింటి పేరు?" అయ్యా, అది రహస్యమా? మా వైపు బస్సులో పక్క సీటులో కూర్చున్నా ముందు అడిగేది మీరే ఇంటివారు, మీ అమ్మ ఎవరి ఆడపడుచు అనే. "మీ మొదటి పెంపుడు జంతువు పేరు?" మా పెద్దమ్మ జన్మంతా మేకల్ని పెంచింది. ఒక్కదానికీ పేరు పెట్టలేదు. నల్లది, తెల్లది, కొమ్మువిరిగినది. ఏది రాయమంటారు?

పాస్‌వర్డ్ గుర్తులేకపోతే వేలిముద్ర ఉంది కదా అంటారు. ఓసారి పలాస రండి. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూడండి. ఆ పెంకులోని నూనెకి తోలు కాలి, గీతలు చెరిగి, వేలు నున్నగా అయిపోతుంది. కొంగుతో తుడిచి, కొబ్బరినూనె రాసి, ఈ వేలు కాకపోతే ఆ వేలు పెట్టి చూస్తారు. పడదు. "నాను బతికే ఉన్నాను గదా బాబూ, ఎదరే కూకున్నాను గదా" అంటే మెషీన్‌కి తెలుగు రాదు. ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాదు.

2022లో యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి మీ బదులు పాస్‌కీ అనే వారసుణ్ని దించుతున్నామని చాటించాయి. ఫోన్‌లోనే కాపురమట, ఫోన్ తెరిస్తే చాలట. మా పల్లెల్లో చాలా ఇళ్లకి ఫోను ఒక్కటే. దాని లాక్ తీయడం వచ్చింది మూడో తరగతి మనవరాలికి. కొడుకు హైదరాబాద్ పనికి పోతే ఫోనూ వాడితోనే పోతుంది, వెనకే పాస్‌కీ కూడా.

అందుచేత తొందరపడి రిటైర్ కావద్దని మనవి. తప్పదంటే, పెన్షన్‌కి మీరూ ఏదో ఒక సైట్లో లాగిన్ కావాల్సి ఉంటుంది. మొదటి పెంపుడు జంతువు పేరు ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.

ఇట్లు,
పేరు రాయను. రాస్తే పాస్‌వర్డ్ తెలిసిపోతుంది.