సవరణ: ఉచితంగా ఫోటోలు దాచుకునే చోట్లు

పాత పోస్టులో గూగుల్ ఫోటోస్‌లో ఎన్ని ఫోటోలైనా ఉచితమని, ఫ్లికర్ అనే ఫోటోల సైటులో 1 టెరాబైట్ (సుమారు 1000 జీబీ) చోటు ఇస్తారని ఉంది. ఆ రెండూ ఇప్పుడు చెల్లవు. దాన్ని నమ్మి పెళ్లి ఆల్బమ్‌లు ఎక్కించాలనుకునేవాళ్లు ముందు ఇది చదవండి.

గూగుల్ 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కించే ఫోటోలను 15 జీబీ లెక్కలో కలుపుతోంది. ఆ 15 జీబీ ఫోటోలకే కాదు, జీమెయిల్, డ్రైవ్‌లకు కూడా కలిపి. అంతకు ముందు 'హై క్వాలిటీ'లో (ఫోటో సైజు కాస్త తగ్గించి దాచే పద్ధతిలో) పెట్టినవి మాత్రం లెక్కలోకి రావు, కాబట్టి వాటిని అనవసరంగా తీసేయకండి. రెండేళ్లు అసలు తెరవని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. అమ్మానాన్నల పేరుతో తెరిచి వదిలేసిన ఖాతాలుంటే అప్పుడప్పుడు లాగిన్ అవ్వండి.

ఫ్లికర్ ఉచిత ఖాతాలో 1000 ఫోటోలే. అందులోనూ అందరికీ కనపడకుండా దాచుకోగలిగేవి 50 మాత్రమే, అంటే ఇంటి ఫోటోలకు అది పనికిరాదు.

గుళ్లు, కోటలు, ఊరి చెరువుల ఫోటోలు మీరే తీసినవైతే వికీపీడియాకు బొమ్మలు అందించే సైటు వికీమీడియా కామన్స్ మంచి చోటు. అయితే అక్కడ పెట్టిన ఫోటోను ఎవరైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చు. పిల్లల ఫోటోలు అక్కడ పెట్టొద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. ఫోన్‌లో చోటు కోసం గూగుల్ ఫోటోస్ యాప్‌లో డిలీట్ నొక్కితే, బ్యాకప్ అయిన కాపీ కూడా పోతుంది. ట్రాష్‌లో 60 రోజులుంటుంది, ఆ తర్వాత దొరకదు. చోటు కావాలంటే అందులోనే ఉన్న 'ఫ్రీ అప్ స్పేస్' వాడండి, అది బ్యాకప్ అయిన ఫోటోలను ఫోన్‌లోంచి మాత్రమే తీసేస్తుంది.