సవరణ: న్యూన్‌హామ్ గ్రేంజ్ చార్లెస్ డార్విన్ ఇల్లు కాదు

కేంబ్రిడ్జ్‌లో కామ్ నది ఒడ్డున ఉన్న న్యూన్‌హామ్ గ్రేంజ్ గురించి మొన్న రాస్తూ, పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ నివసించిన ఇల్లే విశ్వవిద్యాలయ విద్యార్థుల నెలవు అయిందన్నాను. అది తప్పు, క్షమించండి. ఆయన 1882లోనే కన్నుమూశారు. ఆయన నలభై ఏళ్లు గడిపింది అప్పట్లో కెంట్‌లో ఉన్న డౌన్ హౌస్‌లో.

న్యూన్‌హామ్ గ్రేంజ్‌ను 1885లో కొన్నది ఆయన కుమారుడు, ఖగోళ శాస్త్రవేత్త జార్జ్. నేను పొరబడింది జార్జ్ కొడుకు పేరు దగ్గర. ఆయనా చార్లెసే: భౌతిక శాస్త్రవేత్త చార్లెస్ గాల్టన్ డార్విన్. 1962 చివరి రోజున ఆయన మరణించాక, ఈ ఇంటి ఆవరణలోనే 1964లో డార్విన్ కళాశాల వెలిసింది. అది స్నాతకోత్తర విద్యార్థుల కోసమే పెట్టినది.

మరొక మాట. విద్యార్థుల గదులుగా నేను వర్ణించిన నీటి అంచు కట్టడం అసలు ఇల్లు కాదు, దాని పక్కనున్న పాత ధాన్యపు కొట్టు. జార్జ్ కుమార్తె, కొయ్యచెక్కడపు చిత్రకారిణి గ్వెన్ రావెరా చివరి ఏళ్లు గడిపింది అందులోనే. ఆమె పేరు వదిలేయడం నాకు అన్నిటికన్నా బాధగా ఉంది.