ముందు మేడలు, తర్వాత కాలువలు

అమెరికాలోని హ్యూస్టన్ నగరానికి పడమట అడిక్స్, బార్కర్ అని రెండు రిజర్వాయర్లు ఉన్నాయి. 1929లో ఒకసారి, 1935లో మరోసారి వరద వచ్చి ఊరు మునిగాక, 1940ల్లో వాటిని కట్టారు. మామూలు రోజుల్లో అక్కడ పెద్దగా నీళ్లు కనపడవు. చెట్లు, గడ్డి, వాకింగ్ చేసే దారులు ఉంటాయి. భారీ వాన పడినప్పుడు మాత్రం నీళ్లను అక్కడ ఆపి, మెల్లమెల్లగా కిందికి వదులుతారు. అయితే రిజర్వాయరు పూర్తిగా నిండితే నీళ్లు ఎంత మేర పరుచుకుంటాయో అంత భూమినీ ప్రభుత్వం కొనలేదు. అప్పట్లో చుట్టూ వరి పొలాలు, పశువుల మేత భూములే. అక్కడికొచ్చి ఎవరు ఇల్లు కడతారులే అనుకున్నారు.

కట్టారు. కొన్ని దశాబ్దాల్లో ఆ భూముల్లో వేల ఇళ్లు లేచాయి. మన జిల్లా లాంటి ఒక కౌంటీలోనైతే కొన్ని లేఅవుట్ పటాల మీద, ఈ స్థలం రిజర్వాయరు నీళ్లలో మునగవచ్చు అనే అర్థం వచ్చేలా ఒక గమనిక కూడా వేశారు. ఇల్లు కొనేటప్పుడు వంటగది ఎటు ఉంది, కారు ఎక్కడ పెట్టాలి అని చూస్తాం గానీ లేఅవుట్ పటం మూలన ఉన్న గమనికను ఎవరు చదువుతారు? 2017 ఆగస్టులో హార్వే తుపాను వచ్చింది. రిజర్వాయర్లు నిండాయి. ఆనకట్ట ఎక్కడా తెగలేదు, గేట్లు విరగలేదు. రిజర్వాయరు తన పని తాను చేసింది. ఇళ్లు దాని కడుపులో ఉన్నాయి, అంతే.

హ్యూస్టన్ సంగతి ఎత్తగానే, ఎక్కడ ఏం కట్టవచ్చో చెప్పే జోనింగ్ చట్టమే అక్కడ లేదు కదా, ఇంకేం జరుగుతుంది అనేవాళ్లుంటారు. చట్టం లేని మాట నిజమే. కానీ ఆ ఒక్క మాటతో ఈ కథ తేలదు. ఆ రెండు రిజర్వాయర్ల మధ్య నుంచే కేటీ ఫ్రీవే అనే పెద్ద హైవే పోతుంది. ట్రాఫిక్ భరించలేక దాన్ని 2008 నాటికి సర్వీసు రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 లేన్ల దాకా వెడల్పు చేశారు. కొన్నేళ్లకే ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది. రోడ్డు వచ్చిందని ఇళ్లు వచ్చాయి, ఇళ్లు వచ్చాయని రోడ్డు పెంచారు, రోడ్డు పెరిగిందని ఇంకొన్ని ఇళ్లు వచ్చాయి. ఈ పరుగులో వాన నీళ్లు ఎటు పోవాలన్న ప్రశ్న వెనకబడింది.

నగరాల గురించి మాట్లాడేటప్పుడు అందరం వాడే మాట ‘సమతుల్యం’. అభివృద్ధి ఒక పళ్లెంలో, పచ్చదనం ఇంకో పళ్లెంలో పెట్టి తూచాలన్నట్టు ఉంటుంది. నాకు ఆ మాట మీద నమ్మకం తక్కువ. చాలా నగరాలు చెడింది తూకం తప్పి కాదు, వరుస తప్పి. కాలువ, రోడ్డు, పార్కుల జాగా ముందు గీసి ఆ తర్వాత మేడలకు పర్మిషన్ ఇచ్చిన చోట కిక్కిరిసిన జనం కూడా బతకగలరు. మేడలు లేచాక కాలువ కోసం వెతుక్కునే చోట జనం పలచగా ఉన్నా తిప్పలే.

ఒక పాత వీధి తీసుకోండి. ఒక స్థలంలో ఎనిమిది కుటుంబాలున్నాయి. కుటుంబానికి నలుగురు, మనిషికి రోజుకు 130 లీటర్లు అనుకుంటే వాడకం నాలుగు వేల లీటర్ల పైచిలుకు. ఆ స్థలంలోనే పది అంతస్తుల అపార్ట్‌మెంట్ లేచి 80 కుటుంబాలు దిగాయనుకోండి, వాడకం 41 వేల లీటర్లు దాటుతుంది. అందులో ఐదింట నాలుగు వంతులు మురుగుగా బయటికి రావాల్సిందే. పైగా ఆ మురుగు రోజంతా సమానంగా రాదు. పొద్దున స్కూలు, ఆఫీసు హడావిడిలో రెండు మూడు గంటల్లో ఒక్కసారిగా ఎక్కువ దిగుతుంది. వీధి కింద పైపు మాత్రం ఎనిమిది కుటుంబాల నాటిదే. అపార్ట్‌మెంట్ గృహప్రవేశం అయిన ఆరు నెలలకు మ్యాన్‌హోల్ మూత పక్క నుంచి నల్లటి నీళ్లు ఊరడం మొదలవుతుంది. పదో అంతస్తు వాళ్లకు అది కనపడదు. వీధి చివర పల్లంలో ఉన్న ఇంటివాళ్లకు గుమ్మంలోకే వస్తుంది.

ఈ సమస్యకు లెక్క ప్రకారం చాలా చవకైన మందు ఉంది. వాలు అంతే ఉంచి పైపు వ్యాసం రెట్టింపు చేస్తే అది మోసే నీళ్లు రెట్టింపు కావు, ఆరు రెట్లు దాటుతాయి. పైపు పెద్దదైతే దాని ఖరీదు పెరుగుతుంది, నిజమే. కానీ ఖర్చులో పెద్ద వాటా తవ్వడానికి, పూడ్చడానికి, రోడ్డు మళ్లీ వేయడానికి పోయేదే. ఖాళీ పొలంలో పెద్ద పైపు వేయడం ఒక రోజు పని అనుకుంటే, షాపులు, కరెంటు కేబుళ్లు, మంచినీళ్ల లైన్లు వచ్చేశాక అదే పని నెలల తరబడి సాగుతుంది. ఈ సంగతి తెలియని ఇంజనీరు ఉండడు. తెలిసీ వరుస ఎందుకు మారదంటే, మేడకు ప్రారంభోత్సవం ఉంటుంది. భూమిలో పూడ్చిన పైపుకు రిబ్బన్ ఎవరు కడతారు?

ముందుచూపు అంటే అన్నీ ముందే తెలియడం అని కాదు. న్యూయార్క్ జనాభా లక్ష కూడా లేని రోజుల్లో, 1811లో, మాన్‌హట్టన్ దీవి మీద 12 అవెన్యూలు, 155 అడ్డ వీధులు కాగితం మీద గీసేశారు. అప్పటికి అందులో ఎక్కువ భాగం పొలాలు, గుట్టలే. ఆ గీతల మీదే రెండు వందల ఏళ్లుగా నగరం నడుస్తోంది. అంత దూరం చూసినవాళ్లు కూడా పార్కుల దగ్గర తడబడ్డారు. దీవి చుట్టూ నీళ్లున్నాయి, గాలికి లోటేముంది, భూమి ధర కూడా ఎక్కువే అని పెద్ద పార్కులు పెట్టలేదు. నలభై ఏళ్లు దాటేసరికి ఊపిరాడక, 1853లో సెంట్రల్ పార్కు కోసం భూమి సేకరించారు. అప్పటికి అక్కడ సుమారు 1,600 మంది కాపురముంటున్నారు. ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు సొంత ఇళ్లు కట్టుకున్న సెనెకా విలేజ్ అనే ఊరు కూడా అందులో ఉంది. అందరినీ ఖాళీ చేయించారు. ఇవాళ ఆ పార్కు 843 ఎకరాలు, ప్రపంచమంతా మెచ్చుకుంటుంది. మెచ్చుకోవాల్సిందే. కానీ 1811లో ఒక గీతతో అయిపోయే పని, 1850ల్లో ఒక ఊరిని లేపేస్తే గానీ కాలేదు.

ఇక జోనింగ్. అదే న్యూయార్క్‌లో 1915లో ఈక్విటబుల్ బిల్డింగ్ పూర్తయింది. ఎకరం నిండా లేని స్థలంలో, దాదాపు 40 అంతస్తులు, ఎక్కడా వెనక్కి తగ్గకుండా నిటారుగా. చుట్టుపక్కల వీధులకు ఎండ కరువైంది. మరుసటి ఏడాదే నగరం జోనింగ్ చట్టం తెచ్చింది. పైకి వెళ్లేకొద్దీ భవనం మెట్లు మెట్లుగా లోపలికి జరగాలన్న నియమం అలా పుట్టింది. ఎండ, గాలి అందరివీ అన్న ఆలోచన అది, మంచిదే. పదేళ్ల తర్వాత, 1926లో, యూక్లిడ్ అనే ఊరి కేసులో జోనింగ్ చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సొంత ఇళ్ల మధ్య అపార్ట్‌మెంట్ పరాన్నజీవి లాంటిదని ఆ తీర్పులోనే రాశారు. ఎండ కోసం పుట్టిన చట్టం అద్దె ఇళ్లవాళ్లను దూరంగా ఉంచే గోడగా మారడానికి ఎంతో కాలం పట్టలేదు.

ఇళ్లొక చోట, కొట్లొక చోట, ఆఫీసులింకో చోట అని రంగులు పూసి విడదీస్తే మ్యాపు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పాల ప్యాకెట్‌కు కూడా బండి తీయాల్సి వస్తుంది. జపాన్ ఇందుకు వేరే దారి పట్టింది. జోన్ల రకాలు దేశమంతటికీ ఒకటే, 13. అన్నిటికన్నా కట్టుదిట్టమైన నివాస జోన్‌లో కూడా ఇంట్లోనే చిన్న కొట్టు పెట్టుకోవచ్చు, 50 చదరపు మీటర్లు దాటకూడదు. రసాయనాల ఫ్యాక్టరీని ఇళ్లకు దూరంగా ఉంచాలి గానీ టైలర్ షాపును ఎందుకు? అయినా జోనింగ్ ఎంత బాగున్నా ఎక్కడ ఏం కట్టకూడదో మాత్రమే చెబుతుంది. అది పైపు వేయదు, చెట్టు నాటదు. మాస్టర్ ప్లాన్ రంగుల మీద ఏళ్ల తరబడి కొట్టుకుని, ఆ రంగుల కింద ఏ లైన్ ఏ సంవత్సరం వేస్తారో రాయకపోతే ఆ ప్లాన్ గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

పచ్చదనం విషయంలో కూడా కంచె వేస్తే చాలనుకుంటాం. సియోల్ 1971లో నగరం చుట్టూ గ్రీన్‌బెల్ట్ గీసి, అందులో కట్టడాలు ఆపేసింది. పచ్చదనం చాలావరకు నిలిచింది. కానీ జనం ఆగలేదు. ఇళ్ల కొరత ముదిరి 1989లో బుందాంగ్, ఇల్సాన్ లాంటి కొత్త పట్టణాలు ప్రకటించాల్సి వచ్చింది. అవి కంచెకు అవతలే. అంటే లక్షల మంది రోజూ ఆ పచ్చటి కంచెను దాటి పనికి రావాలి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ 1947లోనే ఇంకో పద్ధతి అనుకుంది. అరచేయి నగరమైతే, ఐదు వేళ్లు రైలు మార్గాలు. ఇళ్లు వేళ్ల వెంట, పచ్చదనం వేళ్ల సందుల్లో. పెరగొద్దు అనలేదు, ఇటు పెరగండి అని రైలు పట్టాతో దారి చూపింది. నా ఓటు దీనికే.

అంత ప్లాన్ ఉన్న కోపెన్‌హాగెన్ కూడా 2011 జులై 2న మునిగింది. మూడు గంటల లోపే కొన్నిచోట్ల 150 మిల్లీమీటర్ల దాకా వాన. సెల్లార్లు నిండాయి, రోడ్లు కాలువలయ్యాయి. దాంతో ఆ నగరం పైపులు పెంచడంతో ఆగకుండా పార్కులకు పని చెప్పింది. ఎంగ్‌హేవ పార్కు అని ఒక పాత పార్కును తవ్వి, ఆటస్థలాన్ని, తోటలో కొంత భాగాన్ని పల్లం చేశారు. చుట్టూ నడుమెత్తు గోడ కట్టారు. మామూలు రోజు ఆ గోడ మీద జనం కూర్చుంటారు. కుంభవృష్టి పడితే పార్కే చెరువై 22 వేల ఘనపు మీటర్లకు పైగా నీళ్లు పట్టుకుంటుంది. మొక్కల మధ్య రెండు బెంచీలు వేసి పార్కు అనిపించుకునే చోట్లకూ దీనికీ పోలికే లేదు.

డబ్బు మాటేమిటి అంటారు. జపాన్‌లో పట్టణ ప్రాంతాల్లో దాదాపు మూడో వంతు భూమి పునర్వ్యవస్థీకరణ పద్ధతిలో తయారైంది. యజమానులంతా తలా కొంత భూమి వదులుకుంటారు. అందులో రోడ్లు, పార్కులు పోను కొంత అమ్మి ఖర్చులు పెట్టుకుంటారు. మిగిలిన భూమి తక్కువే అయినా రోడ్డు పడ్డాక దాని విలువ ఎక్కువ. అహ్మదాబాద్ టౌన్ ప్లానింగ్ స్కీములదీ ఇదే దారి, దాని మూలం 1915 నాటి బొంబాయి చట్టంలో ఉంది. బాగానే ఉంది గానీ నాకు ఒక్క అనుమానం తీరలేదు. పదెకరాలున్న ఆసామి మూడెకరాలు ఇచ్చి లాభపడతాడు. చిన్న ముక్క ఉన్నవాడు అందులో మూడో వంతు ఇస్తే మిగిలినదాంట్లో గది కూడా పట్టదు. ఆ పొలంలో కూలి చేసేవాడి పేరు ఏ పటంలోనూ ఉండదు. వరుస సరిగ్గా పెట్టేటప్పుడే వీళ్లకు ఇల్లు, పని ఎక్కడో రాసుకోకపోతే సెనెకా విలేజ్ మళ్లీ మళ్లీ జరుగుతుంది.

గీసిన గీతకు కాపలా కూడా కావాలి. స్పెయిన్‌లోని బార్సిలోనా విస్తరణకు ఇల్డెఫాన్స్ సెర్దా అనే ఇంజనీరు 1859లో ప్లాన్ గీశాడు. సుమారు 113 మీటర్ల చదరపు బ్లాకులు, ఎక్కువగా రెండు వైపులే ఇళ్లు, మధ్యలో తోట. వీధులు ఆయన గీసినట్టే వచ్చాయి, ఇవాళ్టికీ ఉన్నాయి. తోటలే మిగల్లేదు. మూడో వైపు కట్టారు, నాలుగో వైపు కట్టారు. ఆ తర్వాత మధ్యలోకి వర్క్‌షాపులు, గోడౌన్లు, గ్యారేజీలు దూరాయి. వందేళ్లు దాటాక, 1980ల నుంచి నగరం ఆ నడిమి జాగాలను ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటోంది. మొదట తీసుకున్నవాటిలో ఒకదాంట్లో పాత నీళ్ల టవర్ ఉంది. దాని కింద మోకాలి లోతు కొలను కట్టారు. ఎండాకాలంలో చుట్టుపక్కల పిల్లలు అందులో కేరింతలు కొడుతుంటారు. నాలుగు వైపులా ఇళ్ల వెనక గోడలు, ఆరిన బట్టలు, పైన చదరపు ముక్కంత ఆకాశం.