మా అత్తకు ఎన్ని మార్కులు?

తిరుపతిలో ఎవరికైనా కాస్త మతి తప్పితే కారణాలు రెండే. వయసు నలభై దాటితే గాలి సోకింది, ఇంజినీరింగ్ చదువుతుంటే గంజాయి కొట్టాడు. లీలామహల్ సర్కిల్ దగ్గర టీ బంకులో గ్లాసు ఖాళీ అయ్యేలోపే తీర్పు వచ్చేస్తుంది.

ఈ న్యాయవిచారణకు చరిత్ర ఉంది. తెల్లదొరలు 1893-94లో గంజాయి మీద కమిషన్ వేశారు. పిచ్చాసుపత్రుల రిజిస్టర్లలో చాలా పేర్ల పక్కన కారణం గంజాయి అని ఉంది. ఎవరు రాశారయ్యా అని ఆరా తీస్తే, ఎక్కువ భాగం రోగితో పాటు వచ్చిన పోలీసు కాగితం చలవ! గడి ఖాళీగా వదలకూడదు కదా. ఆ లెక్కలు నమ్మలేమని కమిషనే తేల్చింది. మన బంకు మాత్రం ఆ గడిని నేటికీ శ్రద్ధగా నింపుతోంది.

అలాగని గంజాయి పత్తిత్తేం కాదు. స్వీడన్ సైన్యంలో చేరిన 45 వేల మంది కుర్రాళ్లను 15 ఏళ్లు గమనిస్తే, యాభైసార్లకు మించి తాగినవాళ్లలో స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు, అసలు తాగనివాళ్లతో పోలిస్తే ఆరు రెట్లు కనిపించింది. మిగతా కారణాలు తీసేస్తే అంకె తగ్గింది, పోలేదు.

మెలిక ఇంకోటుంది. అతి అనుమానం, ప్రతిదాంట్లో గూఢార్థం వెతకడం కొందరి స్వభావం. పేరు స్కిజోటైపీ, అదే జబ్బు కాదు. గంజాయి తాగేవాళ్లలో ఇది ఎక్కువట. గంజాయి స్వభావాన్ని తెచ్చిందా, స్వభావమే గంజాయి దగ్గరికి నడిపించిందా అన్నది చెట్టు ముందా విత్తు ముందా బాపతు. దీన్ని కొలవడానికి 1991లో 74 ప్రశ్నల పత్రం తయారైంది. ఆ ధోరణిలో నాలుగు ప్రశ్నలు, అనపకాయలు ఒలుస్తున్న మా మేనత్త మీద ప్రయోగించాను.

"అత్తా, మామూలు సంగతుల్లో నీకేమైనా సంకేతాలు కనబడతాయా?"

"కనబడక? పొద్దున భుజం మీద బల్లి పడింది. పంచాంగం తీసి చూసినా."

"జనం నీ గురించి మాట్లాడుకుంటున్నట్టు అనిపిస్తుందా?"

"అనిపించేదేంది నాయినా, ఎదురింటామె మాట్లాడతానే ఉంది."

"జరగబోయేది ముందే తెలుస్తుందా?"

"మీ మామ బస్సు దిగకముందే తెలుస్తుంది."

బీడీ వాసనకే ముక్కు మూసుకునే మనిషి! మార్కులు మాత్రం దండిగా వచ్చాయి.

నవ్వుకున్నాను గానీ, మా సందు చివరి పిల్లోడు గుర్తొచ్చాడు. అలిపిరి దగ్గర కెమెరాలు తననే చూస్తున్నాయనేవాడు. అద్దంలో ఎవరో పిలుస్తున్నారనేవాడు. ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. వాళ్ల అవ్వ కలలు, నాన్న వాస్తు, చిన్నాన్న శకునాల మధ్య వాడి మాటలు భలేగా ఇమిడిపోయాయి. "మా వాడికి భక్తి ఎక్కువ" అని కొన్ని నెలలు మురిసిపోయారు కూడా. జేబులో పొట్లం దొరికాక వాళ్లమ్మ, "తులసివనంలో గంజాయి మొక్క ఎట్లా మొలిచింది?" అని తాయెత్తు కట్టించింది. పొట్లం దొరికింది కాబట్టి బంకు కూడా గంజాయే అని తేల్చి కేసు మూసేసింది. డాక్టరు దగ్గరికి పోయేసరికి ఏడాది దాటింది.

అత్త చేట పక్కన పెట్టి నా కాగితం వైపు తొంగిచూసింది.

"ఎన్ని వచ్చినాయి నాయినా? పాసేనా?"