ఘనాలో రాజు తీర్పు చెబుతాడు, లెక్క చెప్పడు

ఉత్తర ఘనాలో దగ్బాన్ అనే పాత రాజ్యం ఉంది. దాని రాజును యా నా అంటారు. రాజధాని యెండి. 2002 మార్చిలో అక్కడ రోజుల తరబడి సాగిన దాడిలో యా నా యకుబు అందాని 2ను చంపేశారు. ఆయనతో పాటు పదుల సంఖ్యలో మనుషులు పోయారు. ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టింది, విచారణ కమిషన్ వేసింది. విచారణకు నిలబెట్టినవాళ్లు కోర్టులో నిర్దోషులుగా బయటికొచ్చారు. రాజును ఖననం చెయ్యడానికే నాలుగేళ్లు పట్టింది.

ఆ రాజవంశంలో అబుదు, అందాని అని రెండు శాఖలున్నాయి. గద్దె ఒకసారి వీళ్లకు, ఇంకోసారి వాళ్లకు రావాలి. ఆ వంతు ఎప్పుడో తప్పింది. తప్పడంలో దేశ రాజధాని అక్రాలో అధికారం చేతిలో ఉన్నవాళ్ల వాటా చాలానే ఉంది. ఒక ప్రభుత్వం ఒక శాఖ మనిషిని కూర్చోబెడితే, తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆయన్ని దించి ఇంకో శాఖను ఎక్కించేది. 1986లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినా పగ చల్లారలేదు. బహుళపార్టీ ఎన్నికలు వచ్చాక అబుదులు ఎన్‌పీపీ వాళ్లని, అందానీలు ఎన్‌డీసీ వాళ్లని ముద్ర కూడా పడింది (దేశంలో పెద్ద పార్టీలు ఈ రెండే). ఊళ్లో రెండు వర్గాలు, వాటి వెనక రెండు పార్టీలు ఉంటే ఏం జరుగుతుందో తెలుగు పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ ముడి విప్పే పనిని అప్పటి అధ్యక్షుడు కుఫువోర్ ముగ్గురు రాజులకు అప్పగించారు. అశాంతి అనే జనానికి రాజు, అసాంటెహెనె బిరుదున్న ఒసెయి టుటు 2 పెద్దగా, మాంప్రుగు రాజు, గొంజా రాజు సభ్యులుగా కమిటీ ఏర్పడింది. నలుగురు అధ్యక్షుల కాలం పట్టిందిగానీ పని పూర్తయింది. రెండు శాఖల్లో చనిపోయిన ఇద్దరు రాజులకు పూర్తి రాజలాంఛనాలతో ఉత్తరక్రియలు ముందు ఎవరు జరపాలి, తర్వాత ఎవరు జరపాలి, ఎవరి కుటుంబం ఎన్ని రోజులు రాజభవనంలో ఉండాలి అన్నది కూడా కమిటీయే తేల్చింది. 2018 డిసెంబర్‌లో ఒకరివి, 2019 జనవరిలో ఇంకొకరివి జరిగాయి. ఆ నెలలోనే అబుకరి 2 కొత్త యా నా అయ్యారు. అలాంటి వరసలు తేల్చడం ఏ న్యాయమూర్తికీ సాధ్యం కాదు. చట్టం పుస్తకంలో ఉండే విషయాలు కావు అవి.

ప్రజాస్వామ్యంలో రాజులేమిటి అని అడిగేవాళ్లకు ఘనా ఇచ్చే మొదటి జవాబు ఇది. నేను దాన్ని కొట్టిపారెయ్యను. 2012 ఎన్నికలకు ముందు అధ్యక్ష అభ్యర్థులు అశాంతి రాజధాని కుమాసికి వచ్చి, అసాంటెహెనె సమక్షంలో హింస ఉండదని ప్రకటన మీద సంతకాలు పెట్టారు. ఈశాన్యంలోని బావ్కులో కుసాసీ, మాంప్రుసీ తెగల మధ్య తుపాకులు పేలుతుంటే మధ్యవర్తిత్వానికి మళ్లీ ఆయన్నే పిలిచారు. పార్టీలు ఒకరినొకరు నమ్మని దేశంలో రెండు పార్టీలూ నమ్మే గడప ఒకటి ఉండడం చిన్న విషయం కాదు.

అయితే ఆ నమ్మకం రాజరక్తం వల్ల రాలేదు. రాజును పార్టీలకు అందకుండా పెట్టిన 1992 రాజ్యాంగం వల్ల వచ్చింది.

అంతకుముందు చరిత్ర చూస్తే ఇది తెలుస్తుంది. ఘనా తొలి నాయకుడు క్వామే ఎన్‌క్రుమాకూ కుమాసి రాజవర్గానికీ పడేది కాదు. 1954లో కోకో ధర మీద మొదలైన గొడవ అశాంతి ప్రాంతంలో పెద్ద ప్రతిపక్ష ఉద్యమంగా మారింది, రాజులు దాని వెనక నిలబడ్డారు. తనతో కలిసిరాని రాజులు చెప్పులు వదిలేసి పారిపోవాల్సి వస్తుందని ఎన్‌క్రుమా అన్నట్టు ఇప్పటికీ చెప్పుకుంటారు. అశాంతులు కూడా భాగమైన అకాన్ జనంలో దానికంటే పెద్ద అవమానం లేదు. రాజు ఉత్త పాదం నేలకు తగలకూడదు, తగిలిందంటే ఆయన రాజు కాదన్నట్టే. స్వాతంత్ర్యం వచ్చిన 1957 తర్వాత ప్రభుత్వం గుర్తిస్తేనే రాజు అన్న చట్టం వచ్చింది. వ్యతిరేకించినవాళ్లు పీఠాలు పోగొట్టుకున్నారు, అనుకూలంగా ఉన్నవాళ్లకు పీఠాలు దొరికాయి. సైనిక పాలకులు కూడా ఆ తాళంచెవి వదులుకోలేదు.

1992 రాజ్యాంగం 270వ అధికరణం ఆ తాళంచెవిని లాగేసింది. రాజుకు గుర్తింపు ఇచ్చే అధికారం గానీ, తీసేసే అధికారం గానీ ఎవరికీ కట్టబెట్టే చట్టం పార్లమెంటు చెయ్యకూడదు. ఎవరు రాజు అన్న తగాదాలు రాజుల సభల్లోని న్యాయ కమిటీలు వింటాయి, ఆఖరి అప్పీలు సుప్రీంకోర్టుకు. బదులుగా 276వ అధికరణం రాజుల మీద ఒక షరతు పెట్టింది. క్రియాశీల పార్టీ రాజకీయాల్లో ఉండకూడదు. పార్లమెంటుకు పోటీ చెయ్యాలంటే ముందు పీఠం దిగాలి.

మనం చేసింది దీనికి సరిగ్గా తిరగేసి. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రాజభరణాలు, బిరుదులు తీసేశాం. తర్వాత సంస్థానాల వారసులకు పార్టీ టికెట్లిచ్చి ఎమ్మెల్యేలను, మంత్రులను చేసుకున్నాం. విజయనగరం, బొబ్బిలి పేర్లు చాలు. ఘనా బిరుదు ఉంచి టికెట్ ఆపింది. ఏది మంచి పద్ధతి అన్న చర్చకు ఇది చోటు కాదుగానీ, అక్కడి పద్ధతిలో ఒక తెలివి ఉందని ఒప్పుకోవాలి.

రాజుకూ ప్రభుత్వానికీ మధ్య ఆ గోడ లేకపోతే ఏమవుతుందో చూడాలంటే నైజీరియాలోని కానోకు వెళ్లాలి. కేంద్ర బ్యాంకు గవర్నర్‌గా ఉంటూ చమురు డబ్బు లెక్కల్లో తేడా ఉందని గొంతెత్తిన సనూసి లామిడో సనూసి 2014లో కానో ఎమీర్, అంటే అక్కడి సంప్రదాయ రాజు అయ్యారు. రాష్ట్ర గవర్నర్ గండుజేతో చెడింది. 2019లో గవర్నర్ ఎమీర్ రాజ్యాన్ని అయిదు ముక్కలు చేశారు, 2020 మార్చిలో ఆయన్ని గద్దె దించి అమినూ అడో బయేరోను కూర్చోబెట్టారు. ఎన్నికల్లో వేరే పార్టీ గెలిచింది. 2024 మేలో కొత్త గవర్నర్ రాజ్యాన్ని ముక్కలు చేసిన చట్టాన్ని రద్దు చేసి సనూసిని వెనక్కి తెచ్చారు. దిగిపోయిన బయేరో ఒప్పుకోలేదు, నగరంలోనే ఇంకో రాజభవనంలో మకాం పెట్టారు. ఒకే ఊళ్లో ఇద్దరు ఎమీర్లు, ఒకరి వెనక రాష్ట్ర ప్రభుత్వం, ఇంకొకరికి కేంద్రం అండ, మధ్యలో కోర్టు ఆర్డర్లు. ఇదేం కొత్త కాదు. సనూసి తాతను కూడా 1963లో అప్పటి ఉత్తర ప్రాంత ప్రభుత్వమే దించింది. ప్రభుత్వం తీసెయ్యగలిగిన ఎమీర్ ఆ ప్రభుత్వంతో తగాదా పడ్డవాళ్లకు మధ్యవర్తి ఎలా అవుతాడు?

ఇంతవరకూ ఘనా గెలిచినట్టే. చిక్కల్లా ఆ గోడ రాజుగారి ఖజానాను కూడా కమ్మేయడంలో ఉంది.

ఘనా భూమిలో దాదాపు 80 శాతం సంప్రదాయ యాజమాన్యంలో ఉంది. దక్షిణాన రాజాధికారానికి గుర్తు చెక్క పీఠం, ఉత్తరాన జంతుచర్మం. అందుకే స్టూల్ భూములు, స్కిన్ భూములు అంటారు. ఈ భూమి రాజు సొంతం కాదు, సమూహానిది. రాజు దానికి ధర్మకర్త. ఇది నా వ్యాఖ్యానం కాదు, 36వ అధికరణం ఆ బాధ్యతను రాసి పెట్టింది. స్టూల్ భూమిని శాశ్వతంగా అమ్మడం కుదరదు, లీజుకే ఇవ్వాలి. ఘనా పౌరులకైతే 99 ఏళ్ల వరకూ లీజు మామూలు, విదేశీయులకు 50 ఏళ్లు మించకూడదు.

ఆ భూముల మీద వచ్చే డబ్బు ఎలా పంచాలో 267వ అధికరణం చెబుతుంది. నూరు సెడీలు (ఘనా కరెన్సీ) వచ్చాయనుకుందాం. స్టూల్ భూముల అడ్మినిస్ట్రేటర్ ఆఫీసు ఖర్చులకు 10 తీసుకుంటుంది. మిగిలిన 90లో 55 శాతం, అంటే 49.50 జిల్లా అసెంబ్లీకి. 25 శాతం, అంటే 22.50 పీఠానికి. 20 శాతం, అంటే 18 ఆ ప్రాంత రాజుల సంప్రదాయ మండలికి. చాలావరకు ఎన్నికైనవాళ్లుండే స్థానిక సంస్థకు సగం దాకా, రాజుకు హోదాకు తగినంత. కాగితం మీద ఇంత పద్ధతిగా ఉన్న ఏర్పాటు చాలా దేశాల్లో దొరకదు.

ఆచరణలో ఈ లెక్కలోకి వచ్చేది ఏడాదికోసారి కట్టే చిన్న భూమిశిస్తు, గని రాయల్టీల లాంటివి. అసలు డబ్బు వేరే దారిన పోతుంది. పూర్వం రాజు దగ్గర భూమి అడిగేవాళ్లు ఒక సారా సీసా పట్టుకుపోయి ఇచ్చేవాళ్లు. ఆ భూమి ఆయన ఏలుబడిలోదని ఒప్పుకున్నందుకు గుర్తు అది. పట్టణాలు పెరిగి ఇళ్ల స్థలాలకు గిరాకీ వచ్చాక సీసా డబ్బైంది, ఆ డబ్బు స్థలం మార్కెట్ ధర దాకా వచ్చింది. పేరు మాత్రం ఇప్పటికీ ‘డ్రింక్ మనీ’యే. అది కానుక కాబట్టి 267 కిందికి రాదని రాజభవనాల వాదన. కానుక ఎంతొచ్చిందో, ఎటు పోయిందో చెప్పాలని అడిగితే అది ఆచారానికి విరుద్ధం. అదే ప్లాటుకు జిల్లా అసెంబ్లీ వాటా లెక్కేసుకునేది పక్కన మిగిలిన శిస్తు మీద.

కుమాసి శివారు పల్లెల్లో దీని బరువు మోసేది సాగు కుటుంబాలు. తాతల కాలం నుంచి మొక్కజొన్న, కసావా (కర్రపెండలం) వేసుకుంటున్న చేను ఒకరోజు ప్లాట్లుగా కనిపిస్తుంది. సాగు హక్కు మీదే, కానీ ఇక్కడ సాగు కాలం అయిపోయింది, ఇది ఇప్పుడు నివాస ప్రాంతం అని చెబుతారు. చేతిలో ఏదైనా పెడితే అది దయ. రోడ్డు వేయించారు, స్కూలు కట్టించారు అని చెప్పుకోదగ్గ రాజులు లేరని కాదు, ఉన్నారు. ఒసెయి టుటు పేరు మీదున్న విద్యా నిధి చాలామందిని చదివించింది. మంచి రాజు దొరికితే రోడ్డు, దొరక్కపోతే లేదు అన్నట్టు ఉంటే మాత్రం అది ధర్మకర్తృత్వం కాదు. అక్రమ బంగారు తవ్వకం, అక్కడివాళ్లు గలాంసీ అంటారు, దానిలోనూ ఇదే తంతు. ఖనిజం మీద హక్కు రాజ్యాంగం ప్రకారం దేశానిది. కానీ ఏ వాగు పక్కన ఎవరు యంత్రం దించుతున్నారో స్థానిక రాజుకు తెలియకుండా జరగదని ఊళ్లో ప్రతి ఒక్కరూ అంటారు. ప్రా, ఒఫిన్ నదుల నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరిగాయి.

‘ఇది మా ఆచారం’ అన్న మాటను కూడా కొంచెం తరచి చూడాలి. అశాంతి పద్ధతి మొదటి నుంచీ రాజుకు పగ్గాలున్న పద్ధతి. వారసత్వం తల్లి వైపు నుంచి వస్తుంది, రాజు కొడుకు రాజు కాడు. అభ్యర్థిని రాణీమాత సూచించాలి, పెద్దలు ఒప్పుకోవాలి. ఇప్పటి రాజును 1999లో సూచించింది ఆయన తల్లే, అప్పుడు ఆమే రాణీమాత. (ఇంత అధికారమున్న రాణీమాతలకు జాతీయ రాజుల సభలో మాత్రం దశాబ్దాల పాటు కుర్చీ లేదు. ఆచారం ఎవరికి ఎక్కడ గుర్తొస్తుందో గమనించండి.) మాట తప్పిన రాజును దించే హక్కు పెద్దలకు ఉండేది, సామాన్య యువకుల దళాలు గొడవ చేసి దింపించిన సందర్భాలూ ఉన్నాయి. బ్రిటిష్‌వాళ్లు వచ్చి రాజు ద్వారా పాలించడం మొదలుపెట్టాక రాజు కింది జనం వైపు చూడడం మాని పైనున్న జిల్లా అధికారి వైపు చూడడం నేర్చుకున్నాడు. 1896లో అశాంతి రాజు ప్రెంపె 1ను పట్టుకుపోయి తర్వాత సీషెల్స్ దీవులకు పంపిందీ వాళ్లే, 1900లో బ్రిటిష్ గవర్నర్ హాడ్జ్‌సన్ అశాంతి రాజ్యానికి గుర్తైన బంగారు పీఠం తెచ్చివ్వమంటే ఎజిసు రాణీమాత యా అసాంటెవా యుద్ధానికి దిగిందీ వాళ్ల మీదే. 1935లో అశాంతి సమాఖ్యను తిరిగి నిలబెట్టింది కూడా వాళ్లే, తమ పాలనకు సులువవుతుందని. ఇవాళ సనాతనమని చెప్పే అధికారంలో ఒక ముక్క ఆ కచేరీల్లో తయారైందే.

జిల్లా అధికారి పోయాడు. 1992 తర్వాత ప్రభుత్వం కూడా చెయ్యి తీసేసింది. కింద పెద్దల పట్టు చాలా చోట్ల సడలింది, ఎందుకంటే ప్లాట్ల డబ్బులో వాళ్లకూ వాటా అందుతోంది. అలా రాజు పై నుంచీ కింద నుంచీ అడిగేవాడు లేని స్థితికి వచ్చాడు. గద్దె ఎవరిదన్న విషయంలో ఇది మంచిదే. భూమి డబ్బు విషయంలో కాదు.

రాజుల్ని తీసెయ్యాలన్న వాదన అక్రాలో అప్పుడప్పుడు వినిపిస్తుంది. నాకది పనికొచ్చేదిగా కనపడదు. 270వ అధికరణాన్ని కదిలించాలంటే రెఫరెండం పెట్టాలి, కనీసం 40 శాతం ఓటర్లు రావాలి, వచ్చినవాళ్లలో 75 శాతం అవునని చెప్పాలి. దాని అవసరం కూడా లేదు. స్టూల్ భూముల నుంచి వచ్చే అద్దెలు, బకాయిలు, రాయల్టీలతో పాటు, ఆదాయంగా గానీ మూలధనంగా గానీ వచ్చే ‘ఇతర చెల్లింపులు’ కూడా అడ్మినిస్ట్రేటరే వసూలు చెయ్యాలని 267వ అధికరణం ఇప్పటికే చెబుతోంది. డ్రింక్ మనీ అందులో పడదనుకోవడానికి నాకు ఏ కారణమూ కనపడదు. భూమి నిర్వహించే పెద్దలు లెక్క చెప్పాలని 2020 భూ చట్టం మళ్లీ రాసింది. లేనిది చట్టం కాదు, వెళ్లి అడిగే మనిషి. గ్రామీణ ఓటు రాజుల మాట వింటుందని నమ్మే రెండు పార్టీలూ ఏ ఎన్నికల ముందూ ఆ పని చెయ్యవు, ఎన్నికలు నాలుగేళ్లకోసారి ఠంచనుగా వస్తాయి.

అలాంటప్పుడు మొదటి లెక్క అడక్కుండానే బయటపెట్టగల స్థానం కుమాసిలోని అసాంటెహెనె నివాసం, మాన్హియా రాజభవనానిదే. కుమాసి చుట్టూ ఉన్న ప్లాట్లకు ఏ పల్లెలో ఎంత డబ్బు వచ్చింది, జిల్లాకు ఎంత కట్టారు, చేను పోయిన కుటుంబానికి ఎంత దక్కింది అన్న మూడు అంకెలు ఏటా పల్లె సభలో చదివి గోడకు అంటించమని అసాంటెహెనె తన కింది రాజులకు ఆదేశమిస్తే, కాదనే ధైర్యం వాళ్లలో ఎవరికీ లేదు. ఆయన చదివింది కూడా అకౌంటెన్సీయే.